ఒట్టావా వారి సుత్తి

సభాధ్యక్షుల చేతిలో ఉండే చిన్న చెక్కసుత్తికి దౌత్య ప్రపంచంలో ఎంత మర్యాద ఉందో, అదే మాటకు మన వాడుకలో ఎంత అపకీర్తి ఉందో తెలిసినవారు, పాలస్తీనా శరణార్థుల విషయంలో కెనడా ప్రభుత్వం ముప్పయ్యేళ్లుగా పోషిస్తున్న పాత్రను తలచుకుంటే తెలుగు భాష దూరదృష్టికి దండం పెట్టకుండా ఉండలేరు. 1991లో మాడ్రిడ్‌లో మొదలైన శాంతి ప్రయత్నంలో భాగంగా నీళ్లు, పర్యావరణం, ఆయుధ నియంత్రణ, ఆర్థికాభివృద్ధి, శరణార్థులు అని అయిదు బృందాలు ఏర్పడితే, అందులో అన్నిటికన్నా చిక్కుముడి అయిన శరణార్థుల బృందానికి సుత్తి పట్టుకునే బాధ్యత కెనడాకు దక్కింది. సుత్తి పట్టుకునే దేశం అన్నది నేను కల్పించిన మాట కాదు, వారి అధికారిక హోదాయే అది.

1992 మే నెలలో కెనడా రాజధాని ఒట్టావాలో తొలి సమావేశం జరిగింది. పాలస్తీనా ప్రతినిధులలో పాలస్తీనా వెలుపల నివసిస్తున్నవారు కూడా ఉన్నారన్న కారణంతో ఇజ్రాయెల్ ఆ సమావేశానికి రాలేదు. అంటే, శరణార్థుల గురించి మాట్లాడుకోవడానికి పిలిచిన సభకు శరణార్థుల వంటివారు వచ్చారన్నదే అభ్యంతరం. ఇంత సున్నితమైన సభను నడపడానికి కావలసిన ఓర్పు కెనడాకు పుష్కలంగా ఉంది. పనిని అంశాలవారీగా విడగొట్టి, ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క దేశాన్ని కాపరిగా నియమించారు. గణాంకాలు నార్వేకి, కుటుంబాల కలయిక ఫ్రాన్స్‌కి, ప్రజారోగ్యం ఇటలీకి, పిల్లల సంక్షేమం స్వీడన్‌కి వెళ్లాయి. ఇంటికి తిరిగి వెళ్లడం అనే అంశానికి మాత్రం కాపరి దొరకలేదు, ఎందుకంటే ఆ అంశమే జాబితాలో లేదు. 1995 తర్వాత ఆ బృందం పూర్తిస్థాయిలో మళ్లీ కూర్చోలేదు. బల్ల ఖాళీ అయింది, సుత్తి మిగిలింది.

కెనడాకు ఈ వ్యవహారం కొత్తదేమీ కాదు, పుట్టుక నుంచీ పరిచయమే. 1947లో పాలస్తీనాను ఏం చేయాలో తేల్చడానికి ఐక్యరాజ్యసమితి నియమించిన పదకొండు దేశాల కమిటీలో కెనడా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఐవన్ రాండ్ ఉన్నారు. ఆ కమిటీకి దారి వేసిన ప్రత్యేక సమావేశాల్లో రాజకీయ కమిటీకి అధ్యక్షత వహించింది కెనడా దౌత్యవేత్త లెస్టర్ పియర్సన్. ఆ నవంబర్ 29న, పాలస్తీనాను రెండు రాజ్యాలుగా విభజించాలన్న తీర్మానానికి కెనడా అనుకూలంగా ఓటు వేసింది. తరువాతి ఏడాది యుద్ధంలో ఏడు లక్షలకు పైగా జనం ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. ఇరుగుపొరుగుతో శాంతిగా బతకదలచినవారిని వీలైనంత త్వరలో ఇళ్లకు వెళ్లనివ్వాలని 1948 డిసెంబర్ 11న ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం చెబితే దానికీ అనుకూలంగానే ఓటు వేసింది. వీలు కుదిరేదాకా వారికి తిండీ గుడ్డా చూడడానికి ఉన్‌రా అనే ఐక్యరాజ్యసమితి సంస్థ పుడితే దానికి తొలి అధిపతిగా వెళ్లిన హోవర్డ్ కెనెడీ కూడా కెనడా సైన్యాధికారే. ఆ వీలు ఇంకా కుదరలేదు. నాటి ఏడు లక్షలు నేడు ఉన్‌రా పుస్తకాల్లో దాదాపు 59 లక్షలు.

ఇక ప్రస్తుత విధానానికి వద్దాం. కెనడా విదేశాంగ శాఖ ఈ విషయం మీద ప్రకటించిన వైఖరి చాలా చక్కగా ఉంటుంది. దానిని ఎగతాళి చేయడానికి వచ్చినవాడు కూడా చదివి కాస్త తగ్గుతాడు. శరణార్థుల సమస్యకు న్యాయమైన పరిష్కారం ఉండాలట, అది 194వ తీర్మానాన్నీ, 1967 యుద్ధం తర్వాత భద్రతామండలి చేసిన 242వ తీర్మానాన్నీ గౌరవించాలట, శరణార్థుల హక్కులను మన్నించాలట, అంతర్జాతీయ చట్టానికి లోబడి ఉండాలట. ఇంతవరకు చదివినవాడు ఇల్లు తాళం తీయడానికి లేచి నిలబడతాడు. అప్పుడు వస్తుంది అసలు షరతు: ఆ పరిష్కారం చర్చల ద్వారా, ఉభయుల అంగీకారంతో రావాలి. అంటే, నీ ఇంటికి నువ్వు వెళ్లే హక్కు నీకు పూర్తిగా ఉంది, ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాడు ఒప్పుకుంటే. పాము చావకుండా కర్ర విరగకుండా కొట్టడమంటారు మనవాళ్లు. ఇక్కడ కర్ర పైకి ఎత్తిన దాఖలా కూడా లేదు కనుక ఆ సామెతను కొంచెం సవరించుకోవాలి.

ఓటు వేయడంలోనూ కెనడా ఎవరినీ చిన్నబుచ్చలేదు. 2012లో పాలస్తీనాకు సభ్యత్వం లేని పరిశీలక రాజ్యం హోదా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 138 దేశాలు చేయెత్తితే, కాదన్న తొమ్మిదింటిలో కెనడా ఒకటి. ఆ మాట చెప్పడానికి విదేశాంగ మంత్రి జాన్ బెయిర్డ్ స్వయంగా న్యూయార్క్ వెళ్లారు. ఆ రోజు తేదీ నవంబర్ 29. సరిగ్గా 65 ఏళ్ల కింద అదే తేదీన రెండు రాజ్యాలు ఉండాలని ఓటు వేసిన దేశమే, రెండోది కంటబడగానే ఉలిక్కిపడింది. 2024 మే 10న సభ్యత్వం ప్రస్తావన వచ్చినప్పుడు తటస్థంగా ఉండిపోయింది. 2025 సెప్టెంబర్ 21న పాలస్తీనాను రాజ్యంగా గుర్తించింది. కాదు, ఏమో, అవును అనే మూడు మాటలనూ పదమూడేళ్ల లోపల ఇంత శాంతంగా పలికిన దేశాన్ని చంచలమైనదని అనడం అన్యాయం. గుర్తింపు మంచిదే, ఆలస్యమైనా మంచిదే. కాకపోతే లెబనాన్‌లోని శిబిరంలో నాలుగో తరం బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ మనిషికి, తన ఊరు ఉన్న, సరిహద్దు గీతకు అవతలి ఇజ్రాయెల్ పక్క గురించి ఆ గుర్తింపులో ఒక్క ముక్క కూడా దొరకదు.

మధ్యలో ఒక్కసారి మాత్రం ఒట్టావాకు నిజంగా ఉదారబుద్ధి పుట్టింది. 2001 జనవరిలో అప్పటి విదేశాంగ మంత్రి జాన్ మాన్లీ, శాంతి ఒప్పందం కుదిరితే కొందరు శరణార్థులను తమ దేశంలోకే తీసుకోవడానికి సిద్ధమన్నారు. వెస్ట్ బ్యాంక్‌లో ఆయన దిష్టిబొమ్మను తగలబెట్టారు. మనిషి ఇంటికి దారి అడిగితే, మంచు కురిసే దేశంలో గది చూపిస్తామన్నందుకు ఇంత కోపమా అని ఆశ్చర్యపోయి ఉంటారు పాపం. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

డబ్బు సంగతి చెప్పకపోతే దాతకు అపచారం. కెనడా ఇస్తుంది, దానిని కాదనలేం. ఉన్‌రాకు ఏళ్ల తరబడి ఇచ్చింది. ప్రధాని స్టీఫెన్ హార్పర్ హయాంలో 2010 నుంచి ఆ నిధులను దారి మళ్లించి, ఆ తర్వాత పూర్తిగా మానుకుంది. 2016లో ట్రూడో ప్రభుత్వం రెండున్నర కోట్ల కెనడా డాలర్లతో మళ్లీ మొదలుపెట్టింది. 2024 జనవరి 26న, ఉన్‌రా ఉద్యోగులలో పన్నెండు మందికి 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన దాడిలో పాత్ర ఉందని ఇజ్రాయెల్ ఆరోపించగానే, సహాయాన్ని తాత్కాలికంగా నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. గాజాలో ఆ సంస్థకు అప్పట్లో ఉన్న ఉద్యోగులు దాదాపు 13,000 మంది. ఊరంతటికీ వండిపెట్టే వంటశాలలో పన్నెండుగురు వంటవాళ్ల మీద ఫిర్యాదు వస్తే పొయ్యి ఆర్పేయడం ఒక పద్ధతి. కానీ కెనడా అంతటి క్రూరురాలు కాదు. మార్చి 8న నిలుపుదలను ఎత్తివేసేటప్పుడు తేలిన విషయం ఏమిటంటే, తరువాతి వాయిదా చెల్లించవలసింది ఏప్రిల్‌లో. కనుక నిలిపివేసిన కాలంలో నిలిచిపోయిన చెల్లింపు ఒక్కటీ లేదు. లేని వడ్డనను ఆపి, ఆపిన వడ్డనను పునరుద్ధరించి, రెండుసార్లూ పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కడం దౌత్యకళలో ఒక శిఖరం. ఆకలితో ఉన్నవాడికి ఆ ఆరు వారాలూ ఎలా గడిచాయన్నది వేరే శాఖ చూసుకోవలసిన విషయం.

శరణార్థులను తీసుకోవడంలో మాత్రం వెనుకాడిందా? 2022లో యుక్రెయిన్ వారి కోసం తెరిచిన పథకానికి పరిమితే పెట్టలేదు. దాదాపు మూడు లక్షల మంది వచ్చారు. రావలసిందే, యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాడికి నీడ ఇవ్వడం తప్పని ఎవరూ అనరు. 2024 జనవరి 9న గాజా వారి కోసం కూడా ఒక పథకం తెరిచారు. కెనడాలో దగ్గరి బంధువు ఉండాలి, ఖర్చులు ఆ బంధువే భరించాలి, పరిమితి 1,000. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత అంకెల్లో ఎలా ఉంటుందో చూడదలచినవారు ఈ రెండు పథకాలను పక్కపక్కన పెట్టుకోవచ్చు.

ఆ దరఖాస్తును కొంచెం దగ్గరగా చూడవలసి ఉంది. పదహారో ఏట నుంచి చేసిన ఉద్యోగాలన్నీ రాయాలి. సామాజిక మాధ్యమాల ఖాతాలు రాయాలి. ఒంటిమీద మచ్చలు, గాయాల గుర్తులు ఉంటే అవి ఎలా వచ్చాయో చెప్పాలి. బాంబుల కింద ఉన్న ఊళ్లో కూర్చుని, ఛార్జింగ్ నాలుగు శాతం ఉన్న ఫోనులో, నీ మోచేతి మీది మచ్చ ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు రాస్తున్న మనిషిని ఊహించుకోండి. ఆ ప్రశ్న తయారుచేసిన గుమాస్తాను నేను తప్పుపట్టను; గాజాలో మచ్చ లేనివాడెవడన్న ఆలోచన ఆయనకు రావడానికి ఆయన బల్ల మీద అంతటి వెలుగు పడి ఉండదు. ఇక వేలిముద్రలు. కెనడా చదువుల కోసం హైదరాబాద్‌లో వరుసలో నిలబడి వేలిముద్రలు ఇచ్చివచ్చిన తెలుగు పిల్లలకు ఇది అరగంట పని. గాజాలో ఆ కేంద్రం లేదు, వేలిముద్రలు ఈజిప్టుకు వెళ్లి ఇవ్వాలి. గాజా నుంచి బయటపడటానికి కాగితం కావాలి, కాగితం పూర్తికావాలంటే వేలు పెట్టాలి, వేలు పెట్టాలంటే గాజా నుంచి బయటపడాలి. మన తాలూకా కచేరీలలో నివాస ధ్రువపత్రానికి రేషన్ కార్డు, రేషన్ కార్డుకు నివాస ధ్రువపత్రం అడిగే సంప్రదాయం ఇంత దూరం వ్యాపించినందుకు గర్వించాలో వద్దో తెలియదు. 2025 మార్చిలో దరఖాస్తులు తీసుకోవడం ఆపేసేనాటికి కెనడాలో దిగినవారు వెయ్యిమంది కూడా లేరు.

ఇవన్నీ కాగితాలు, అంకెలు. కెనడా అన్న పేరు ఆ నేలమీదే రెండు చోట్ల చెక్కి ఉందని చాలామందికి తెలియదు.

మొదటిది కెనడా పార్కు. టెల్ అవీవ్ నుంచి జెరూసలేం వెళ్లే రహదారిలో లట్రూన్ దగ్గర ఉంటుంది. చెట్ల నీడ, నడకదారులు, సెలవు రోజున కుటుంబాలు వచ్చి మాంసం కాల్చుకు తినడానికి బల్లలు, పాతకాలపు రోమన్ స్నానశాల, విరాళం ఇచ్చిన కెనడావారి పేర్ల ఫలకాలు. ఆ చెట్ల మధ్యలో ఎవరూ నాటని అత్తి, బాదం, ముళ్లజెముడు కంచెలు కూడా కనబడతాయి. అవి ఇమ్వాస్, యాలూ అనే ఊళ్ల పెరళ్లలోవి. 1967 జూన్‌లో ఇజ్రాయెల్ సైన్యం ఆ ఊళ్లనూ పక్కనున్న బైత్ నూబానూ ఖాళీ చేయించి, ఇళ్లు కూలగొట్టింది. పదివేల మంది దాకా రోడ్డున పడ్డారు. తర్వాత కెనడాలోని యూదు జాతీయ నిధి సంస్థ దాతల నుంచి చందాలు పోగుచేసి ఆ శిథిలాల మీద పార్కు పెంచింది. 1967లో ఆక్రమించిన భూభాగం మీద ఇజ్రాయెల్ శాశ్వత అధికారాన్ని తాము గుర్తించబోమన్నది కెనడా ప్రభుత్వ విధానం. అదే భూభాగంలో చెట్టు నాటడానికి ఇచ్చిన చందాకు ఆదాయపు పన్నులో రాయితీ ఇవ్వడం అదే ప్రభుత్వ పన్నుల శాఖ విధానం. ఒక శాఖ గుర్తించని నేలకు ఇంకో శాఖ ఎరువు వేసింది. 2024లో గాని ఆ సంస్థకు ధర్మసంస్థ హోదా రద్దు కాలేదు. అప్పటికి చెట్లు బాగా ఏపుగా పెరిగాయి.

రెండోది కెనడా క్యాంపు. పియర్సన్‌కు నోబెల్ తెచ్చిపెట్టిన ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో కెనడా సైనికులు గాజా దక్షిణ కొనలోని రఫా దగ్గర విడిది చేసిన చోటుకు ఆ పేరు నిలిచిపోయింది. 1970లలో రఫా శిబిరంలో రోడ్లు వెడల్పు చేయడానికి ఇజ్రాయెల్ సైన్యం కూల్చిన ఇళ్లవారిని తెచ్చి అక్కడ పెట్టారు. 1982లో సినాయ్ ద్వీపకల్పాన్ని ఇజ్రాయెల్ ఈజిప్టుకు అప్పగిస్తూ గీసిన సరిహద్దు రఫా ఊరి మధ్య నుంచి పోయింది, కెనడా క్యాంపు ఈజిప్టు వైపు పడింది. దాదాపు 5,000 మంది. అవతల అన్నదమ్ములు, అమ్మానాన్నలు. నడిస్తే నిమిషాల దూరం. రోజూ తీగల కంచె దగ్గరకు వచ్చి అటూ ఇటూ నిలబడి అరిచి మాట్లాడుకునేవారు. పెళ్లి కుదిరిందని, బిడ్డ పుట్టిందని, ముసలాయన పోయాడని పొరుగువాళ్లంతా వింటుండగా గొంతు చించుకుని చెప్పుకున్నారు. వారిని ఇవతలికి తేవడానికి దాదాపు పద్దెనిమిదేళ్లు పట్టింది, 2000 నాటికి పూర్తయింది. ఆ ఖర్చులో కెనడా డబ్బు ఉంది; సుత్తి పట్టిన చేయి చేసిన పనుల్లో మనుషులు కళ్లారా చూడగలిగింది ఇదే, ఇక్కడ వెటకారం నాకు చేతకావడం లేదు. వారికి ఇళ్లు దొరికింది రఫాలో, తల్ అల్ సుల్తాన్ అనే పేటలో.

2024 మే 26, ఆదివారం రాత్రి ఆ తల్ అల్ సుల్తాన్‌లోనే, నిర్వాసితులు తలదాచుకున్న గుడారాల మీద ఇజ్రాయెల్ దాడి జరిగి మంటలు లేచాయి. గాజా ఆరోగ్య శాఖ లెక్కన 45 మంది చనిపోయారు. తెల్లవారి సోమవారం నాడు ఒట్టావాలో వలసల మంత్రి గాజావారి వీసాల పరిమితిని 1,000 నుంచి 5,000కు పెంచుతున్నట్టు ప్రకటించారు. ఆ వీసాతో ఈజిప్టులోకి బయటపడగల రఫా సరిహద్దు దారి మూతపడి అప్పటికి ఇరవై రోజులు.