ఆర్‌.ఇ.ఎం.ని నిలబెట్టింది చౌక అద్దెలే

ఆర్‌.ఇ.ఎం. అనే అమెరికన్ రాక్ బ్యాండ్ కథ ఎవరు చెప్పినా ఒకే చోట మొదలుపెడతారు. 1980 ఏప్రిల్ 5, అమెరికాలోని జార్జియా రాష్ట్రం, ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊరు, ప్రార్థనలు ఆగిపోయిన సెయింట్ మేరీస్ చర్చి, అందులో ఒక పుట్టినరోజు పార్టీ. గాయకుడు మైకేల్ స్టైప్, పీటర్ బక్, మైక్ మిల్స్, బిల్ బెర్రీ కలిసి జనం ముందు వాయించడం అదే మొదలు. బ్యాండ్‌కి అప్పటికింకా పేరు కూడా ఖాయం కాలేదు. 1983లో తొలి ఆల్బమ్, 90ల్లో ప్రపంచ ఖ్యాతి, 2011లో విడిపోవడం అందరికీ తెలిసినవే. ఆ రాత్రిని అభిమానులు అద్భుతంలా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో ఇంటి అద్దె కనిపిస్తుంది.

ఆ చర్చిని గదులుగా విడగొట్టి అద్దెకిస్తే కుర్రకారు అందులో కాపురం పెట్టారు. బక్, స్టైప్ ఉండేది అక్కడే. అంటే రిహార్సల్‌కి విడిగా గది వెతుక్కోనక్కర్లేదు, గంటల లెక్కన డబ్బు కట్టనక్కర్లేదు. బక్ రికార్డుల షాపులో పనిచేసేవాడు. ఆ కాస్త జీతంతో నెల గడిచిపోయే ఊరు కాబట్టే సాయంత్రాలు గిటార్‌కి మిగిలాయి. అద్దె ఇంకొంచెం ఎక్కువుంటే అతను రెండో ఉద్యోగం వెతుక్కునేవాడు, మనకి ఈ బ్యాండ్ ఉండేది కాదు. మోటుగా అనిపించినా నా వాదన ఇదే.

వాళ్లకంటే ముందు ఆ ఊళ్లో దారి వేసినవాళ్లున్నారు. బి-52స్ అనే బ్యాండ్ 1977 వాలెంటైన్స్ డే నాడు ఒక ఇంట్లో జరిగిన పార్టీలో తొలిసారి వాయించారు. పైలాన్ అయితే జార్జియా యూనివర్సిటీలో బొమ్మలు వేయడం నేర్చుకునే విద్యార్థుల బ్యాండ్. ఆ బ్యాండ్ డ్రమ్మర్ కర్టిస్ క్రో తన మేడగదిలో పార్టీలు పెట్టేవాడు. అక్కడ వేలాడే బల్బు పేరే '40 వాట్' అనే క్లబ్‌కి వచ్చింది. వాయించడం వచ్చాకే స్టేజి ఎక్కాలన్న నియమం ఆ ఊళ్లో చెల్లలేదు. జనం డాన్స్ చేశారా లేదా అన్నదే పరీక్ష.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది ఆ పరీక్షే. తొలి రోజుల్లో ఆర్‌.ఇ.ఎం. వాయించినవాటిలో చాలావరకు కవర్ పాటలే, అంటే వేరేవాళ్ల పాటలే. పార్టీలో కుర్రాళ్లు గెంతడానికి పనికొస్తే చాలనుకున్నారు. ఆర్ట్ స్కూలు జనానికి అది చులకనగా కూడా కనిపించింది. కానీ చిన్న ఊరికి ఒక కాఠిన్యం ఉంటుంది. ఈ వారం ముందు వరసలో నిలబడ్డ ముఖాలే వచ్చే వారం కూడా వస్తాయి. విన్నదే మళ్లీ వినిపిస్తే వాళ్లు బార్ కౌంటర్ దగ్గరికి వెళ్లిపోతారు. అందుకే కొత్త పాటలు కట్టక తప్పదు, నడవని పాటని పక్కన పెట్టక తప్పదు. ఏ నిర్మాతా ఇంత నిక్కచ్చిగా పాట తీసేయమని చెప్పడు. మొదటి షో జరిగిన ఏడాదికి గానీ వాళ్లు తొలి సింగిల్ (ఆల్బమ్ కాకుండా విడిగా వచ్చే పాట) రికార్డు చేయలేదు. అది 1981 జూలైలో బయటికొచ్చింది. ఈలోగా వ్యానులో నార్త్ కరోలినా లాంటి చోట్లకి వెళ్లి, ముక్కూమొహం తెలియని జనం ముందు కూడా వాయించారు. ఇప్పుడు కొత్త బ్యాండ్లు ముందు వీడియో పెట్టి, వ్యూస్ చూసుకుని, ఆ తర్వాత స్టేజి ఎక్కుతున్నాయి. బోర్ కొట్టి వెనక్కి తిరిగిన శ్రోత వీపు వాళ్లకి ఎప్పటికి కనిపించాలి?

ప్రతిభ మాటేమిటని అడుగుతారు. అమెరికాలో యూనివర్సిటీ ఊళ్లకి కొదవ లేదు, అన్నిట్లో ఆర్‌.ఇ.ఎం. పుట్టలేదు కదా అంటారు. నిజమే, స్టైప్ గొంతు ఊరిచ్చింది కాదు. కానీ అప్పటికి 40 వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు నాలుగేళ్లలో బి-52స్‌ని, పైలాన్‌ని, ఆర్‌.ఇ.ఎం.ని ఇచ్చింది. ఆ తర్వాత అమ్హర్స్ట్ నుంచి డైనోసార్ జూనియర్, చాపెల్ హిల్ నుంచి సూపర్‌చంక్ అనే బ్యాండ్లు వచ్చాయి. అవీ యూనివర్సిటీ ఊళ్లే. ఇదంతా కాకతాళీయమంటే నేను నమ్మను. 1987లో 'రోలింగ్ స్టోన్' పత్రిక ఆర్‌.ఇ.ఎం.ని అమెరికాలోకెల్లా ఉత్తమ రాక్ బ్యాండ్ అని కవర్ మీద వేస్తే, ఆ పేరు పైలాన్‌కి దక్కాలన్నాడు బిల్ బెర్రీ. తాము ఎవరిని చూసి నేర్చుకున్నారో ఆయనకి బాగా తెలుసు.

ఇలాంటి వాతావరణం దానంతటదే పోదు, చట్టాలూ రియల్ ఎస్టేటూ కలిసి దాన్ని పోగొడతాయి. 1980లో జార్జియాలో 21 నిండకపోయినా బార్‌లో బీరు కొనుక్కోవచ్చు. చిన్న క్లబ్బులు బతికింది టికెట్ల మీద కాదు, ఆ బీరు మీద. 1984లో వచ్చిన ఫెడరల్ చట్టం, తాగే వయసు 21 చేయని రాష్ట్రాలకి రోడ్ల నిధుల్లో కోత పెట్టింది. దాంతో డిగ్రీ చదివే పిల్లల్లో సగానికి పైగా ఆ క్లబ్బులకి లాభం తెచ్చే గిరాకీ కాకుండా పోయారు. ఆ చట్టం తప్పని అనను, దాని వల్ల రోడ్ల మీద ప్రాణాలు దక్కాయి. కానీ సంగీతానికి పడ్డ గండిని పూడ్చే ఆలోచన ఎవరూ చేయలేదు. ఇక సెయింట్ మేరీస్‌ని 1990లో కూలగొట్టి ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టారు. గోపురం ఒక్కటే వదిలారు, ఫొటోలు దిగడానికి.

2020లో ఏథెన్స్ తన సంగీతకారుల పేర్లతో ఫుట్‌పాత్‌లో ఫలకాలు పరిచింది. పేరొచ్చాక సన్మానం ఎవరైనా చేస్తారు. అదే ఊళ్లో నూచీస్ స్పేస్ అనే స్వచ్ఛంద సంస్థ 2000 నుంచి సంగీతకారులకి రిహార్సల్ గదులు ఇస్తోంది, మానసిక ఆరోగ్యానికి సాయం అందిస్తోంది. ఊరి డబ్బు ముందు వెళ్లాల్సింది అలాంటి గదులకి. డౌన్‌టౌన్‌లో కొత్త అపార్ట్‌మెంట్లకి అనుమతి ఇచ్చేటప్పుడు కింది అంతస్తులో ఒక హాలు తక్కువ అద్దెకి వదలాలని షరతు పెట్టాలి. అందులో వాయించే మొదటి పది బ్యాండ్లూ భరించలేనట్టుగా ఉన్నా సరే, షరతు ఎత్తేయకూడదు.