శీర్షికలో ఎలుక ఎందుకు ఉండదు?

'పెద్దపేగు క్యాన్సర్‌కు చెక్! ఎంజైమ్‌ను అడ్డుకునే కొత్త మందు' అన్న వార్త ఈ నెలలో నాకు నలుగురు పంపారు. లోపలికి వెళ్లి చదివితే ఎలుకల మీద ప్రయోగం. శీర్షికలో మాత్రం ఎలుక ఊసే లేదు.

పంపినవాళ్లలో ఒకాయన బావగారికి ఆ జబ్బే ఉంది. "ఇది వచ్చేస్తే కీమో మానేయొచ్చు కదండీ" అన్నాడు. అక్కడ నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, ఆ శీర్షిక పెట్టినవాళ్ల మీద. ఆయన మానేద్దామంటున్న కీమోలో ఫైవ్ ఎఫ్‌యూ చేసే పనేంటి? కణం డీఎన్‌ఏ తయారు చేసుకోవడానికి కావలసిన థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైమ్‌ను కట్టేయడమే. 1957 నాటి మందు అది. ఇరినోటెకాన్ అనే మరో కీమో మందు పట్టుకునేది ఇంకో ఎంజైమ్‌ని. మనం భయపడుతున్న కీమో, ఆశపడుతున్న కొత్త మందు, రెండూ ఒకే జాతి.

సరే, ఒక ఎంజైమ్‌ను ఆపితే క్యాన్సర్ ఊరుకుంటుందా? కణానికి పెరగమనే సంకేతం పంపే బీరాఫ్ అనే ఎంజైమ్ సంగతి చూడండి. దాని జన్యువులో వీ600ఈ అనే మార్పు ఉన్న చర్మ క్యాన్సర్ మెలనోమాలో, బీరాఫ్‌ను ఆపే వెమురాఫెనిబ్ ఇస్తే దాదాపు సగం మందిలో గడ్డలు తగ్గాయి. అదే మార్పు, అదే మందు, పెద్దపేగు క్యాన్సర్‌లో ఇస్తే నూటికి ఐదుగురికి. ఎందుకో 2012లో తేలింది. పేగు కణంలో బీరాఫ్‌ను మూయగానే కణం పైపొర మీదుండే ఈజీఎఫ్‌ఆర్ అనే ప్రోటీన్ నిద్రలేచి, పెరగమనే సంకేతాన్ని పక్కదారిలో పంపేస్తోంది. అందుకే బీరాఫ్‌ను ఆపే ఎన్‌కోరాఫెనిబ్‌తో పాటు ఈజీఎఫ్‌ఆర్‌ను ఆపే సెటుక్సిమాబ్ కూడా ఇచ్చి రెండు దారులూ మూశారు. అమెరికాలో దానికి అనుమతి 2020లో వచ్చింది. ఎనిమిదేళ్లు! అదీ ఆ మార్పు ఉన్నవాళ్లకే, వాళ్లు నూటికి పదిమంది లోపే.

ఇంకో దెబ్బ రోఫెకాక్సిబ్ అనే నొప్పుల మందు. కాక్స్-2 ఎంజైమ్‌ను ఆపి పేగులో పాలిప్‌లు (లోపలి గోడ మీద పెరిగే చిన్న బుడిపెలు) మళ్లీ రాకుండా చేస్తుందేమోనని పరీక్షిస్తుంటే గుండెపోట్లు బయటపడ్డాయి. 2004లో మందునే మార్కెట్ నుంచి తీసేశారు. (కాక్స్‌నే ఆపే ఆస్పిరిన్ కొందరిలో మేలు చేస్తుందని గట్టి ఆధారాలున్నాయి, కానీ రక్తస్రావం భయం ఉంది కాబట్టి సొంతంగా మొదలుపెట్టకండి బాబూ.)

"మీ బావగారి బయాప్సీ ముక్క మీద రాస్, బీరాఫ్, ఎంఎస్ఐ పరీక్షలు చేశారా?" అని ఆయన్ని అడిగాను. గడ్డలోని మార్పులు చూసి ఏ మందు పనికొస్తుందో చెప్పే ఆ పరీక్షలేంటో ఆయనకు తెలియదు. రేపు ఫైలు వెతికి చెప్తానన్నాడు.