‘ఇటు చూడు’ గారికి ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ ‘ఇటు చూడు’ గారి సముఖమునకు,

రెండున్నరేళ్ల ఆడపిల్ల తండ్రి నమస్కరించి రాసుకునే ఉత్తరం. ఉభయకుశలోపరి. అలవాటు కొద్దీ ఉభయకుశలం అన్నాను గానీ, కుశలమంతా తమ వైపే ఉంది. నా ఫోన్‌లో స్టోరేజీ నిండిపోయింది. మా అమ్మాయి ఫొటోలే పదకొండు వేల పైచిలుకు. వాటిలో గోడకు తగిలించదగ్గవి వెతికితే పదకొండు కూడా తేలలేదు. తప్పు ఫోన్‌దేమోనని నిరుడు కొత్తది కొన్నాను. ఈఎంఐ ఇంకా నడుస్తోంది. ఇప్పుడు అవే ఫొటోలు మరింత స్పష్టంగా పాడవుతున్నాయి.

అసలు దోషి తమరేనని, ఫోన్ ఎత్తగానే పిల్లల మీదకు మేం విసిరే ఆ మాటేనని, మొన్న భోగి నాడు తెలిసింది.

తెనాలిలో మా అత్తగారిల్లు. సాయంత్రం హాలు మధ్యలో పీట వేసి, పట్టు పరికిణీ కట్టి, బుగ్గన దిష్టి చుక్క పెట్టి పిల్లను కూర్చోబెట్టారు. ఇత్తడి పళ్లెంలో రేగిపళ్లు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకలు, నానబెట్టిన శనగలు, రూపాయి బిళ్లలు. అత్తయ్యగారు దోసిలి నింపి దిష్టి తీయబోయారో లేదో, చుట్టూ తొమ్మిది ఫోన్లు లేచాయి. మామయ్యగారు సోఫాలోంచి ‘‘ఇటు చూడమ్మా’’ అన్నారు. బావమరిది టీవీ పక్కనుంచి ‘‘బుజ్జమ్మా, ఇటు ఇటు’’ అన్నాడు. తోడల్లుడు కుర్చీ ఎక్కి చిటికెలు వేశాడు. మా ఆవిడ పిన్నిగారు వంటింట్లోంచి గిన్నె, గరిటె తెచ్చి వాయించడం మొదలుపెట్టారు. నేనేం తక్కువ తిన్నానా, పిల్లిలా అరిచాను. తొమ్మిది మూలల నుంచి తొమ్మిది ‘ఇటు’లు. పాపం రెండున్నరేళ్ల బుర్ర, ఏ ‘ఇటు’ను నమ్మాలి? ఆ గదిలో తనను పిలవని వస్తువు ఒక్కటే కనిపించినట్టుంది, ఆగి ఉన్న సీలింగ్ ఫ్యాను. దాని వంక చూస్తూ కూర్చుంది.

ఆ పది నిమిషాల్లో నేను తీసినవి 163. రాత్రి మేడ మీద కూర్చుని ఒక్కొక్కటీ చూశాను. గడ్డం, రెండు ముక్కు రంధ్రాలు, అత్తయ్యగారి మోచెయ్యి, గాల్లో ఎర్రటి గీతలా సాగిపోయిన రేగిపండు. ఒకే ఒక్కటి సూదిమొనలా వచ్చింది. అందులో రూపాయి బిళ్ల పిల్ల నోటికి బెత్తెడు దూరంలో ఉంది. వెనకాల నలుగురు పెద్దవాళ్లు నిలబడి ఉన్నారు, నలుగురి కళ్లూ ఎవరి తెర మీద వాళ్లకున్నాయి. ఆ బిళ్లను లాక్కున్నది అత్తయ్యగారు. ఆవిడ చేతిలో ఫోన్ లేదు కాబట్టి ఆవిడకు కనిపించింది.

తమది గొప్ప వంశమే, కాదనను. 1839లో పారిస్‌లో డాగెర్ ఫొటో పద్ధతిని లోకానికి చూపించినప్పుడు ఒక్క బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. మెడ కదలకుండా వెనక ఇనుప ఊత పెట్టి కూర్చోబెట్టేవారు. పిల్లలు ఇనుముకు కూడా లొంగరు కదా, అందుకని తల్లినే కుర్చీలా కూర్చోబెట్టి, ఆవిడ మీద గుడ్డ కప్పి, ఒళ్లో బిడ్డను పెట్టి తీసేవారు. అలాంటి పాత ఫొటోలు ఇప్పటికీ దొరుకుతాయి. చూస్తే బిడ్డ వెనకాల చేతులున్న కుర్చీ ఒకటి ముసుగేసుకుని కనిపిస్తుంది. ఆ తర్వాత స్టూడియోల్లోకి ఇత్తడి పిట్ట వచ్చింది. రబ్బరు తిత్తి నొక్కితే కూసేది, పిల్లలు దాన్ని చూసి కాసేపు బిగుసుకుపోయేవారు. తమరు పుట్టింది ఆ పిట్ట గూట్లోనే అనుకుంటాను. ఇక్కడ సికింద్రాబాద్‌లో రాజా దీన్ దయాళ్ స్టూడియో నడిపిన రోజుల్లో, పరదా చాటు ఆడవాళ్ల కోసం 1892లో ఆయన విడిగా జెనానా స్టూడియో తెరిచినప్పుడు, తమరు ఉర్దూలో కూడా పనిచేసే ఉంటారు. తప్పు పట్టను. బొమ్మ పడే పలక మందగొడి, వెలుగు చాలదు, మనిషి కదిలితే బొమ్మ చెరిగిపోతుంది. అప్పుడు తమరికి ఒక ఉద్యోగం ఉంది.

నా చిన్నప్పుడూ ఉంది. రీలుకు 36 ఫొటోలు, కడిగించి ప్రింట్లు వేయించడానికి వేరే డబ్బులు. మా ఊరి స్టూడియోలో తెర మీద మెట్లు, మెట్ల పక్కన హంస. నా చెవి దగ్గర ప్లాస్టిక్ టెలిఫోను పెట్టి, ముఖానికి డబ్బాడు పౌడరు కొట్టి, ‘‘ఇటు చూడు, కదలకు, రీలు వేస్ట్ అవుతుంది’’ అన్నారు. ఆ ఫొటోలో నేను ఎవరిదో చావు కబురు ఫోన్‌లో వింటున్నట్టు ఉంటాను. అయినా క్షమించాను. రీలు ఖరీదైనది.

ఇప్పుడు ఏ రీలుందండీ? మంచి వెలుతుర్లో నా ఫోన్ సెకనులో వెయ్యో వంతు కన్ను తెరిచి మూస్తుంది. పిల్ల గెంతుతున్నా బొమ్మ నిలుస్తుంది. అదే ఫోన్ రాత్రి ట్యూబ్‌లైటు కింద వెలుగు చాలక కన్ను ఎక్కువసేపు తెరిచి పెడుతుంది, ఆలోగా పిల్ల చెయ్యి అలుక్కుపోతుంది. అంటే చాలనిది వెలుగు. మేం చేసేదేమిటి? కిటికీ తెరలు వేసి, లైటు కింద పిల్లను కూర్చోబెట్టి, వెలుగు బదులు తమరిని మరింత గట్టిగా అరుస్తాం. ఉద్యోగం పోయినా జీతం అందుతున్నది తమరికొక్కరికే.

పైగా బంధువుల్ని కూడా తెచ్చుకున్నారు. తమ చెల్లెలు ‘ఈ అను’ వచ్చాక మా ఇంట్లో నవ్వు అనేది పోయింది. ఫోన్ పైకెత్తగానే మా అమ్మాయి తల పక్కకు వాల్చి, కళ్లు చిట్లించి, ‘‘ఈఈఈ’’ అంటుంది. బ్రష్ చేయించేటప్పుడు పెట్టే ముఖం అది. ఫోన్ దించగానే మామూలు మనిషవుతుంది. నిజంగా నవ్వేటప్పుడు దానికి ఎడమ బుగ్గ ముందు కదులుతుంది, తర్వాత కళ్లు, చివరికి నోరు. పదకొండు వేల ఫొటోల్లో ఆ వరస ఒక్కటీ లేదు.

తమ తమ్ముడు ఫ్లాష్ సంగతి సరేసరి. లెన్సు పక్కనే కూర్చుని సూటిగా కొడతాడు. ఆ వెలుగు కంటి వెనక నెత్తురు పొర మీద పడి తిరిగొచ్చి, లక్ష్మీదేవిలా ఉన్న పిల్లను ఎర్ర కళ్ల పిశాచం చేస్తుంది. వాడిని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి, ఇది వెటకారం కాదు. ఫ్లాష్ ఫొటోల్లో కంటిపాప ఎర్రగా కాకుండా తెల్లగా మెరుస్తుంటే పిల్లను ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించాలి. చాలాసార్లు ఏమీ ఉండదు. కానీ రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ అలా ఇంటి ఫొటోల్లో బయటపడిన పిల్లలున్నారు.

ఇక బ్యూటీ మోడ్. కొత్త ఫోన్‌లో అది ఆన్ అయి ఉందని నాకు తెలియలేదు. ‘‘దిష్టి చుక్క పెట్టకుండా పీట మీద కూర్చోబెట్టారేమే?’’ అని, నేను పంపిన భోగి ఫొటో చూసి మా అమ్మ వెంటనే మా ఆవిడకు ఫోన్ చేసింది. పెట్టాం కదా అంటే నమ్మదు. ఫొటో పెద్దది చేసి చూశాను. చుక్క లేదు. మచ్చ అనుకుని ఆ తెలివిగల మోడ్ శుభ్రంగా తుడిచేసింది. లోకం దిష్టి తగలకుండా అత్తయ్యగారు వేలితో కాటుక అద్దితే, ఒక సాఫ్ట్‌వేర్ దాన్ని చర్మదోషంగా లెక్కగట్టింది. మనిషి వెనకున్నదాన్ని మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ తన వంతుగా పిల్ల జడలో సగాన్ని, ఒక చెవిని వెనక గోడలో కలిపేసింది.

మర్నాడు సంక్రాంతి. పొద్దున్న ఎనిమిది గంటలకు ఫోన్ జేబులోంచి తీస్తే లెన్సు మీద నూనె వేలిముద్ర. భోగి తలంటు నాటి నువ్వుల నూనె. నిన్నటి ఫొటోలన్నిటికీ ఉన్న మంచు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. నాలుగు వేలు వెచ్చించి కొన్న ప్రొటెక్టరు ముందు వైపుకే ఉంది. పంచె కొసతో తుడిచాను.

పిల్ల వసారాలో వీధి గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని అరిసె ముక్క పొడి చేసి చీమలకు వేస్తోంది. ఒక్కో చీమకు ఒక్కో పలుకు. ఎండ ఇంకా గుమ్మం దాటి లోపలికి రాలేదు, ఎదురింటి సున్నం గోడ మీద పడి మెత్తగా తిరిగొస్తోంది. నేను నేల మీద కూర్చున్నాను. మోకాళ్లు రెండూ చప్పుడు చేశాయి, పిల్ల తల తిప్పలేదు. మామూలుగా నేను నిలబడి పై నుంచి తీస్తాను, అప్పుడు గుమ్మడికాయకు కాళ్లు మొలిచినట్టు ఉంటుంది. లేదంటే ముఖానికి జానెడు దూరంలో ఫోన్ పెడతాను, అప్పుడు ముక్కే ఊరంతా అవుతుంది. ఈసారి నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి, రెండు రెట్ల జూమ్ పెట్టి, తెర మీద దాని కంటిని వేలితో తాకి ఊరుకున్నాను.

తమరు నా నాలుక చివరి దాకా వచ్చారు. నిజం చెబుతున్నాను, ‘ఇ’ వరకు వచ్చారు. మింగేశాను.

ఒక చీమ దాని వేలెక్కింది. ఎడమ బుగ్గ కదిలింది. తర్వాత కళ్లు.

తీసినవి పన్నెండు. ఒకదాంట్లో దిష్టి చుక్క చెవి దాకా అలుక్కుపోయి ఉంది, ముక్కు కింద అరిసె పొడి ఉంది, కంట్లో వీధి గుమ్మం చిన్న పలకలా తెల్లగా మెరుస్తోంది. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు, ఫోన్ మాత్రం తిరిగి ఇవ్వలేదు. అదే కుటుంబం గ్రూపులో పెట్టింది.

మొదటి జవాబు పిన్నిగారి నుంచి: ‘‘చీమలు కుడతాయి, ముందు పిల్లను తీయండి.’’ తోడల్లుడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. మా అమ్మ ‘‘జడ వేయలేదేం’’ అంది. కాసేపటికి మామయ్యగారు టైపింగ్... టైపింగ్... అని చాలాసేపు కనిపించి, చివరికి ఇలా రాశారు:

‘‘బాగుంది బాబూ. కాస్త ఇటు చూసి ఉంటే ఇంకా బాగుండేది.’’

నిన్న ఆయన లామినేషన్ చేయించి హాల్లో తగిలించిన ఫొటో తాలూకు ఫొటో వచ్చింది. ‘‘ఈఈఈ’’ది. దిష్టి చుక్క లేనిది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ సేవలో పదకొండు వేల ఫొటోలు ఖర్చుపెట్టిన
ఒక తండ్రి