బిట్ బ్యాంకు గారికి కర్నూలు నుంచి ఒక ఉత్తరం

అయ్యా బిట్ బ్యాంకు గారూ,

దండాలు. ఆప్షన్ల ప్రశ్నలు, వాటి ఆన్సర్లు నింపుకున్న పుస్తకం మీరు, పాత బస్టాండు కాడ మిమ్మల్ని సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నా. మీ పాత ఓనరు ఎవరో గానీ అన్ని బిట్లకూ పెన్సిల్‌తో టిక్కులు పెట్టేసినాడు, జువాలజీలో ఒక పేజీకి ఉగ్గాని నూనె మరక కూడా ఉంది, ఆన్సరు సరిగ్గా దాని కిందే ఉంది.

ఫార్మసీ, అగ్రికల్చర్ సీట్ల కోసం రాసే ఈఏపీసెట్ ఎంట్రన్సులో మా బైపీసీ వాళ్ళకి బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 బిట్లు, 180 నిమిషాలు. బిట్టుకి నిమిషం మీద ఏడు సెకన్లు వస్తాయి, అంతే. ఆలోచిస్తా కూర్చునేటోళ్ళు వెనకబడిపోతారు కాబట్టి మీరు దయతల్చి ఆలోచన అవసరమే లేకుండా చేసినారు. ఇప్పుడు నాకు ప్రశ్న మొత్తం చదివే పని లేదు, లాంగర్‌హాన్స్ అని కనపడితే చాలు మౌస్ దానంతట అదే క్లోమం మీదికి పోతాది. చివర్లో "కానిది ఏది" అని ఉంటే మాత్రం కొంప మునుగుతాది గానీ అది మీ తప్పు కాదులెండి, పేపర్ సెట్ చేసేటోళ్ళ కుళ్ళు.

మొన్న మా అవ్వ మాత్ర పట్టుకోని వచ్చింది. "ఏమ్మీ, గుండెకని డాక్టరు ఆస్పిరిన్ రాసినాడు, పరగడుపున మింగల్లా, తిన్నాక మింగల్లా?" అనడిగింది. ఆస్పిరిన్ అంటే ఎసిటైల్ శాలిసిలిక్ ఆమ్లం అని నిద్రలో లేపి అడిగినా చెప్తా నేను. "ఆప్షన్లు చెప్పవ్వా" అన్నా. అవ్వ నన్నొకసారి ఎగాదిగా చూసి, చెప్పులేసుకోని మెడికల్ షాపుకి పోయింది.

మీ ముందుమాటలో రాయని లెక్క ఒకటి ఉంది. నెగెటివ్ మార్కులు లేవు, బిట్టుకి నాలుగు ఆప్షన్లు, కళ్ళు మూసుకోని అన్నీ నొక్కినా సగటున 40 వస్తాయి, క్వాలిఫై కావడానికి ఓసీ బీసీలకు కావాల్సింది కూడా 25 శాతం, అంటే అదే 40! మరి మిమ్మల్ని ఎందుకు మోస్తాండానంటే ర్యాంకు కోసం. ఆ ర్యాంకులో కూడా 25 శాతం ఇంటర్ మార్కులదే, అవి ఎప్పుడో అయిపోయినాయి, ఇంక వాటి గురించి మాట్లాడొద్దు.

ఇంటికొచ్చేటోళ్ళంతా "నీట్ రాలేదా, పోనీలే ఫార్మసీ ఉందిగా" అంటారు, ఫార్మసీ ఏదో వాళ్ళ పెరట్లో కాసినట్టు. ఎంపీసీ వాళ్ళు కూడా బీఫార్మసీకి రావొచ్చని, ఇంజనీరింగ్ పిల్లలు క్లాసులకు పోతాంటే మేము ఇంకా కౌన్సెలింగ్ తేదీ కోసం ఫోన్లు చూసుకుంటా ఉంటామని వాళ్ళకేం తెలుసు. మే నెల కర్నూలు ఎండలో కరెంటు పోతే మిమ్మల్ని విసురుకుందామన్నా చెయ్యి లేవదు, అంత లావున్నారు మీరు. అందుకని ఫిజిక్స్ వరకు చింపి పక్కన పెట్టినా, ఏమనుకోకండి. ఆ 40కీ ఒకే ఆప్షన్ అని ముందే ఫిక్స్ అయినా.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.

ఇట్లు,
మీ బైపీసీ పిల్ల

తా.క.: ఈ ఉత్తరం ఏ రకమైనది? ఎ) పొగడ్త బి) తిట్టు సి) ఎ మరియు బి డి) పైవేవీ కావు. మీ పాత ఓనరు సి మీద టిక్కు పెట్టుంటాడు.