సామూహిక పారాయణం గారికి, ఒక చెప్పుల బాధితుడి లేఖ

మహారాజశ్రీ సామూహిక గీతా పారాయణం గారి దివ్యసముఖమునకు,

మొన్న గీతా జయంతి నాడు, బెంగళూరు జేపీ నగర్‌లోని మా అపార్టుమెంటు హాల్లో తమరి సేవలో పూటంతా గడిపినవాడిని. ఎనిమిదింటికి అన్నారు. బ్యానరు కింద ఫొటోలు అయ్యేసరికి తొమ్మిదిన్నర. మైకు కూడా ఏకాదశి ఉపవాసంలో ఉన్నట్టుంది, గొంతు పెగల్లేదు.

18 అధ్యాయాలు, 700 శ్లోకాలు, మూడు గంటలు. ఇంటికొచ్చి లెక్క వేశాను: శ్లోకానికి 15 సెకన్లు, ఊపిరితో సహా. రెండో అధ్యాయంలో 62, 63 ఉన్నాయి చూడండి. విషయాలను తలచుకుంటూ కూర్చుంటే వాటి మీద సంగం, అంటే తగులం, దానివల్ల కామం, అందులోంచి క్రోధం, ఆపైన సమ్మోహం, స్మృతివిభ్రమం, అంటే జ్ఞాపకం చెదరడం, బుద్ధినాశం, చివరికి సర్వనాశనం. మనిషి జారిపోయే మెట్లన్నీ చూపించిన ఆ రెంటికీ కలిపి తమరు దయచేసింది అర నిమిషం! పక్కాయన ‘క్రోధాద్భవతి’ దాకా వెళ్లిపోయాడు, నేనింకా ‘ధ్యాయతో’ దగ్గరే. అందుకోవడానికి మధ్యలో రెండు పాదాలు మింగేశాను.

మింగినవి ఊరుకుంటాయా? తొమ్మిదో అధ్యాయం నుంచి నా ధ్యానమంతా గుమ్మం బయటి కొత్త చెప్పుల మీదే. బయటికొస్తే అవి లేవు. ఏ పాపమూ ఎరగని కాపలా ఆయన మీద విరుచుకుపడ్డాను. మా నాన్న వయసు ఆయనది. “ఏకాదశి పూట దొంగతనమా!” అని నలుగురూ వినేలా అరిచాను. ఆయన వంగి, స్టాండు కింది వరసలోంచి ఒక పాత జత తీసి నా కాళ్ల ముందు పెట్టాడు. పొద్దున తమరు వేసుకొచ్చింది ఇవే కదా సార్ అన్నాడు కన్నడంలో, నెమ్మదిగా. ఎడమదానికి నేను కుట్టించుకున్న నల్లదారం. కొత్తవి పోతాయన్న భయంతో ఇంట్లోనే విడిచి వచ్చింది నేనే.

స్మృతివిభ్రమం అంటే ఇదన్నమాట.

‘నష్టో మోహః స్మృతిర్లబ్ధా’, మోహం పోయింది, స్మృతి తిరిగొచ్చింది అని 18వ అధ్యాయం 73లో అర్జునుడు అంటాడు. అదే మాట అందరితో కలిసి గొంతెత్తి అని, పది నిమిషాలు కాలేదు నేను బయటికొచ్చి!

ఇక మర్యాదలు చాలు. అదే అధ్యాయం 63లో కృష్ణుడు ‘దీన్నంతా బాగా విచారించి, ఆపైన నీకు తోచినట్టు చెయ్యి’ అంటాడు. ఆలోచించుకోమన్న మాటను కూడా ఆలోచించనివ్వకుండా 15 సెకన్లలో తరిమేశారే, సిగ్గు లేదా మీకు? లోపల ఏదైనా మారుతుందేమోనని వచ్చినవాడి చేతిలో లామినేషన్ చేసిన ప్రశంసాపత్రం పెడతారా?

కాపలా ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. “పరవాగిల్ల సార్” అన్నాడు. పుస్తకంలో స్థితప్రజ్ఞుడి కోసం వెతుకుతున్నాను గానీ, ఆయన మా గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మూడు రోజులుగా 62 దగ్గరే ఉన్నాను. రోజుకు పది శ్లోకాల వాట్సాప్ బృందంలో నా పేరు పక్కన టిక్కు పడలేదని గుర్తుచేస్తున్నారు. పడదు.

ఇట్లు,
నల్లదారం చెప్పులవాడు