తొడకివ్వాల్సిన సూది వదిలేసి అవిల్ పొడుస్తున్నాం

కందిరీగ కుట్టినచోట ముందు సున్నం రాశారు. పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదాలు వాచి, మాట ముద్దముద్దగా వస్తోంది. ఆర్‌ఎంపీ వచ్చి ఒక అవిల్, ఒక డెక్సా పొడిచి "కాసేపట్లో తగ్గిపోతుంది" అన్నాడు. కళ్లు తిరుగుతున్న మనిషిని రెండు రెక్కలూ పట్టుకుని నడిపించి ఆటో ఎక్కించారు. మా బంధువుల ఊళ్లో నేను కళ్లారా చూసిందిది. ఆయన బతికాడు. అదృష్టం తప్ప, అందులో మన గొప్పేమీ లేదు.

ఇది ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ, అనఫిలాక్సిస్ అంటారు. అవిల్, సెట్రిజిన్ లాంటి అలర్జీ మందులు దురద తగ్గిస్తాయి. మూసుకుపోతున్న గొంతును తెరవలేవు, పడిపోతున్న బీపీని లేపలేవు. డెక్సా లాంటి స్టెరాయిడ్ పనిచేయడానికే గంటలు పడుతుంది. ఆ నిమిషంలో కావాల్సింది అడ్రినలిన్. తొడ బయటివైపు కండలోకి, పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము. ఐదు నిమిషాలైనా తేరుకోకపోతే మరో డోసు. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఊపిరాడకపోతే కాళ్లు చాపి కూర్చోనివ్వొచ్చు గానీ నడిపించకూడదు. లేచి నిలబడగానే గుండెకు రక్తం చేరక కుప్పకూలిపోతారు. 108కి ఫోన్ చేశాక కూడా ఈ జాగ్రత్త తప్పదు.

అడ్రినలిన్ గుండెకు ప్రమాదం కదా, ఎవరి చేతికి పడితే వాళ్ల చేతికిస్తారా అని డాక్టర్లే అడుగుతారు. నరంలోకి ఎక్కిస్తేనో, డోసు మించితేనో ప్రమాదం నిజమే. కండలోకి సరైన డోసు ఇస్తే అంత భయపడాల్సింది లేదు. టీకా వికటిస్తే ఒక డోసు ఇచ్చి ఆస్పత్రికి పంపమని మన ఏఎన్ఎంలకే ప్రభుత్వం శిక్షణ ఇచ్చింది. కొవిడ్ టీకా వేయించుకుని అరగంట కుర్చీలో కూర్చున్నాం, గుర్తుందా? మనం ఫోన్లు చూసుకుంటున్నప్పుడు ఆ గదిలో అడ్రినలిన్ కిట్ సిద్ధంగా ఉంది, ఇందుకే.

టీకాకు పనికొచ్చిన చెయ్యి కందిరీగ కుట్టినా, రొయ్యల కూర పడకపోయినా వచ్చే అలర్జీకి ఎందుకు పనికిరాదు? బడుల్లో ఈ మందు ఉంచేలా రాష్ట్రాలను ప్రోత్సహిస్తూ అమెరికా 2013లోనే చట్టం చేసింది. వాళ్లు వాడే, మందు ముందే నింపి ఉండే రెడీమేడ్ సూది పెన్నులు మన షాపుల్లో మామూలుగా దొరకవు, సరే. ఆంప్యూల్, సిరంజి దొరుకుతాయిగా. పీఈటీ సార్‌కు ఒక పూట శిక్షణ ఇస్తే చాలదా?

అసలు మన మందుల అలవాటే తలకిందులు. జలుబుకి చీటీ లేకుండా అజిత్రోమైసిన్ స్ట్రిప్పు చేతిలో పెడతారు. నీరసమంటే సెలైన్ ఎక్కిస్తారు. అక్కడ ఎవరికీ ప్రమాదం గుర్తురాదు. నిమిషాల్లో ప్రాణం నిలబెట్టే చవక మందు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ రూల్స్ గుర్తొస్తాయి. ఆ రోజు ఏఎన్ఎం ఇల్లు రెండు వీధుల అవతలే ఉంది. ఆమెను పిలవాలని ఎవరికీ తట్టలేదు, నాతో సహా.