మందకో నీతి, రొయ్యకో నీతి

గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన రొయ్యల్లో నిషేధిత యాంటీబయాటిక్ ఆనవాలు కనిపిస్తే అమెరికా ఆ సరుకును రేవులోనే ఆపేస్తుంది. ఆపాల్సిందే. అలాంటి మందులు చెరువులో పోసేవారిని వెనకేసుకురావడం మా ఉద్దేశం కాదు. కానీ అదే అమెరికాలో టెక్సాస్, కాన్సస్, నెబ్రాస్కాల్లో మాంసం కోసం పశువులను ఒకేచోట గుంపుగా మేపి బలిపించే ఫీడ్‌లాట్లలో జరుగుతున్నదేమిటి?

దూడలను తల్లుల దగ్గర నుంచి విడదీసి, సంతల్లో కలగాపులగం చేసి, వందల మైళ్లు లారీల్లో తోలుతారు. ఆ తర్వాత వాటికి పట్టుకునే ఊపిరితిత్తుల జబ్బుకు అక్కడివాళ్లు పెట్టిన పేరే ‘షిప్పింగ్ ఫీవర్’. కారణమేమిటో పేరులోనే ఉంది. అయినా ప్రయాణం మార్చరు, సూది మార్చి చూస్తారు. 104 డిగ్రీల జ్వరమున్న దూడల్లో కొన్నింటికి ఒక యాంటీబయాటిక్, కొన్నింటికి మరొకటి ఇచ్చి, ఎన్ని కోలుకున్నాయి, ఎన్నింటికి తిరగబెట్టింది, ఎంత బరువు పెరిగాయి అని లెక్కలు కడతారు. మందుకు లొంగని బ్యాక్టీరియా ఎంత పెరిగిందన్నది చాలా పరీక్షల్లో ప్రధాన ప్రశ్నే కాదు. డబ్బు పెట్టేది తరచూ మందుల కంపెనీలే!

ఇంతకన్నా దారుణం ఇంకోటుంది. కొన్నింటికైనా జబ్బు వస్తుందన్న అనుమానంతో, లారీ దిగిన రోజే లోడు మొత్తానికి సూది వేసేస్తారు. అందుకు వాడే టిల్మికోసిన్, తులత్రోమైసిన్ మనందరికీ తెలిసిన అజిత్రోమైసిన్ కుటుంబానివే.

మనుషుల వైద్యానికి కీలకమైన మందులను పశువుల బరువు పెంచడానికి వాడకుండా 2017 జనవరి నుంచి ఆపేశామని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. అంతవరకూ చీటీ లేకుండా అమ్మిన అలాంటి మందులకూ 2023 జూన్ నుంచి వెటర్నరీ డాక్టర్ చీటీ తప్పనిసరి. మంచిదే. కానీ ‘జబ్బు అదుపు’ అంటే చాలు, మంద మొత్తానికీ మందు ఇవ్వడం ఇప్పటికీ చట్టబద్ధమే. ఐరోపా ఈ తలుపును 2022 జనవరి 28 నుంచి చాలావరకు మూసేసింది. మందలో జబ్బు నిర్ధారణై, పాకే ముప్పు ఎక్కువగా ఉండి, వేరే దారి లేనప్పుడే అక్కడ అనుమతి.

సకాలంలో మందు పడకపోతే దూడలు యాతనపడి చస్తాయని పశువైద్యులు అంటున్నారు. జబ్బుపడ్డ దూడకు వైద్యం వద్దని ఎవరన్నారు? టీకాలు వేసి, పాలు మాన్పించి, 45 రోజులు పుట్టిన చోటే ఉంచి పంపితే ఈ జ్వరం బాగా తగ్గుతుందని వాళ్లకూ తెలుసు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే పేచీ.

మందు ఆపి, నిర్ణీత గడువు దాటాకే పశువును కోస్తున్నాం, మాంసంలో అవశేషాలుండవు అన్నది మరో వాదన. అవశేషం పోతుంది. మొండి బ్యాక్టీరియా పేడలో, నీళ్లలో, పనివాళ్ల చేతుల మీద మిగిలే ఉంటుంది. చెరువుకో నీతి, ఫీడ్‌లాట్‌కో నీతి అయితే భీమవరం రైతు దేన్ని నమ్మాలి?

తిప్పి పంపిన సరుకు చిట్టాను ఎఫ్‌డీఏ నెలనెలా ప్రకటిస్తుంది. పశువుల మందులు ఎంత అమ్ముడయ్యాయో ఏటా చెబుతుంది. జబ్బు లేని ఎన్ని దూడలకు, ఏ ఫీడ్‌లాట్‌లో, ఎందుకు సూది వేశారో మాత్రం చెప్పదు. ముందు ఆ చిట్టా బయటపెట్టండి.